ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి పెనాల్టీనీ రీప్లేలో చూసి సరిచేస్తే సరిపోదా?

మీరు అడిగినవి మూడు. స్టేడియంలో ఇన్ని కెమెరాలు పెట్టుకుని కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) వాళ్లు పెనాల్టీలను రీప్లేలో ఎందుకు సరిచేయరన్నది మొదటిది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి, అంటే పాస్ అందుకోబోయే ఆటగాణ్ని అడ్డుకున్నందుకు, అఫీషియల్ విసిరే ఒకే జెండాతో 40 గజాలు ఇచ్చేయడం న్యాయమా, కాలేజీ ఆటలోలాగా 15 గజాలతో ఆపకూడదా అన్నది రెండోది. డాలస్ కౌబాయ్స్ అభిమానిగా, ఆ జట్టు ఆటగాడు డెజ్ బ్రయంట్ పట్టిన క్యాచ్‌ను రీప్లేలో కొట్టేయడం మీకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు, అది రీప్లే తప్పా, రిఫరీ తప్పా అన్నది మూడోది.

నేను టెక్సస్‌లో చాలా ఏళ్లుగా శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆటలకు అఫీషియల్‌గా పనిచేస్తున్నాను. సైడ్ జడ్జిగా వెనక వైపు నిలబడతాను. అంటే రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు), వాళ్లను కాపలా కాసే డిఫెండర్లు పరుగెత్తుకొచ్చేది నా వైపే. ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయి వేరు, అక్కడి వేగం వేరు. కానీ జెండా వేయాలా వద్దా అని అర క్షణంలో తేల్చుకోవడం రెండు చోట్లా ఒకటే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నా జవాబు సూటిగా ఇది. కాలు లైను లోపల ఉందా బయట ఉందా, మోకాలు నేలకు ఆనేసరికి బంతి చేతిలో ఉందా జారిందా, గడియారం ముందు అయిపోయిందా స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) ముందు జరిగిందా, ఇలాంటివి కెమెరా బ్రహ్మాండంగా తేలుస్తుంది. ఈ తోపు రిసీవర్‌ను ఎంత అడ్డుకుంది అన్నది మాత్రం కెమెరా తేల్చలేదు. పెనాల్టీల్లో చాలా భాగం ఈ రెండో రకానివి. ఎన్‌ఎఫ్‌ఎల్ 2019లో ఒక ఏడాది పాటు దీన్ని కూడా కెమెరాకే అప్పగించి చూసి, వదిలేసింది. అలాగని పెనాల్టీలన్నీ రీప్లేకి దూరంగా ఉండాలని కూడా నేను అనను. కొన్నిటిని కచ్చితంగా చేర్చాలి. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు రీప్లే ఎలా నడుస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే సగం కోపం ఇక్కడి గందరగోళం నుంచే వస్తుంది. కోచ్‌కి మొత్తం ఆటకు రెండు చాలెంజ్‌లు ఉంటాయి. ఎర్ర జెండా మైదానంలోకి విసురుతాడు. నిర్ణయం మారకపోతే ఒక టైమవుట్ పోతుంది. ఒక్కో సగానికి ఉండేవే మూడు టైమవుట్‌లు కాబట్టి అది చిన్న నష్టమేమీ కాదు. ఇంతకుముందు రెండు చాలెంజ్‌లూ గెలిస్తేనే మూడోది దక్కేది, 2024 నుంచి ఒక్కటి గెలిచినా దక్కుతుంది. పాయింట్లు వచ్చిన ప్రతి ఆటనూ (స్నాప్‌తో మొదలయ్యే ఒక్కో ప్రయత్నాన్ని కూడా ఆట అనే అంటున్నాను) 2011 నుంచి, బంతి చేతులు మారిన ప్రతిసారీ 2012 నుంచి, పైన బూత్‌లో కూర్చున్న రీప్లే అఫీషియల్ తనే చూస్తాడు. ప్రతి సగంలో చివరి రెండు నిమిషాలు, ఓవర్‌టైమ్ అంతా కూడా ఆయనదే బాధ్యత. 2017 నుంచి ఆఖరి మాట న్యూయార్క్‌లోని లీగ్ కేంద్రానిది. మైదానంలో రిఫరీ చేతికిచ్చే ట్యాబ్లెట్‌లో ఆయన కూడా చూస్తాడు, హెడ్‌సెట్‌లో మాట్లాడతాడు, కానీ తేల్చేది అక్కడే.

తీర్పు మూడు రకాలు. నిర్ణయం సరైనదేనని దృశ్యంలో తేలితే 'కన్ఫర్మ్డ్' అంటారు. తప్పని తేలితే మారుస్తారు. ఏదీ గట్టిగా తేలకపోతే 'స్టాండ్స్' అంటారు, అంటే మైదానంలో చెప్పిందే నిలుస్తుంది. క్రికెట్‌లో డీఆర్‌ఎస్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, 'అంపైర్స్ కాల్' లాంటిదే. దీనివల్ల ఒకటి జరుగుతుంది. ఒకే ఆటను రిఫరీ మొదట క్యాచ్ అని ఉంటే క్యాచ్‌గా నిలిచేది, కాదని ఉంటే కాదని నిలిచేది. టీవీ ముందు కూర్చున్న మనకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. కానీ స్పష్టమైన ఆధారం ఉంటే తప్ప మైదానంలోని మనిషి మాటను కొట్టేయకూడదన్నది ఈ వ్యవస్థకు పునాది. దాన్ని తీసేస్తే ప్రతి ఆటనూ న్యూయార్క్‌లో మళ్లీ ఆడించినట్టవుతుంది.

ఈ పునాది ఊరికే రాలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ 1986లో మొదటిసారి రీప్లే తెచ్చింది. ఆటలు సాగిపోతున్నాయని, అంత చేసినా తప్పులు మిగులుతున్నాయని విమర్శలు వచ్చి, 1992లో దాన్ని కొనసాగించడానికి చాలినన్ని ఓట్లు రాలేదు. తర్వాత కొన్నేళ్లు రీప్లే లేదు. 1998 డిసెంబర్ 6న న్యూయార్క్ జెట్స్, సియాటిల్ సీహాక్స్ ఆటలో జెట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసే ఆటగాడు) విన్నీ టెస్టవర్డే ఆఖరి నిమిషంలో ఎండ్ జోన్ (గోల్ గీత అవతలి చోటు) వైపు దూకాడు. గీత దాటింది అతని హెల్మెట్, బంతి దాటలేదు. లైన్ మీద ఉన్న అఫీషియల్ మాత్రం టచ్‌డౌన్ (బంతి గీత దాటితే వచ్చే స్కోరు) చూపించాడు. జెట్స్ 32-31తో గెలిచింది. సియాటిల్ ఆ ఏడాది 8 గెలుపులు, 8 ఓటములతో ముగించి ప్లేఆఫ్‌లకు వెళ్లలేదు, కోచ్ డెనిస్ ఎరిక్సన్ ఉద్యోగం పోయింది. 1999లో కోచ్‌ల చాలెంజ్ పద్ధతితో రీప్లే తిరిగి వచ్చింది. గమనించండి, దాన్ని వెనక్కి తెచ్చిన తప్పు గీతకు సంబంధించినది. కెమెరా ఒక్క క్షణంలో తేల్చగలిగేది.

రీప్లే నియమాలే ఒక జట్టును దెబ్బతీసిన సందర్భం కూడా ఉంది. 2012 థ్యాంక్స్‌గివింగ్ రోజున హ్యూస్టన్ టెక్సన్స్ ఆటగాడు జస్టిన్ ఫోర్సెట్ మోకాలు, మోచెయ్యి నేలకు తగిలాక లేచి 81 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. విజిల్ మోగలేదు. టచ్‌డౌన్ కాబట్టి బూత్ వాళ్లే చూడాలి. కానీ డెట్రాయిట్ కోచ్ జిమ్ ష్వార్ట్జ్ ఆవేశంలో ఎర్ర జెండా విసిరాడు. దానంతట అదే రివ్యూ అయ్యే ఆట మీద కోచ్ జెండా వేస్తే రివ్యూ హక్కే పోతుందని అప్పటి నియమం. దేశమంతా టీవీలో మోకాలు నేలకు తగలడం చూసింది, టచ్‌డౌన్ మాత్రం నిలిచింది. డెట్రాయిట్ ఓవర్‌టైమ్‌లో 34-31తో ఓడిపోయింది. 2013లో ఆ నియమం మార్చారు. కెమెరా ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు, దాని చుట్టూ రాసిన వాక్యం కూడా సరిగ్గా ఉండాలి.

ఇక డెజ్ బ్రయంట్ సంగతి. ఇక్కడ తప్పు ఆ వాక్యానిదే. 2015 జనవరి 11, గ్రీన్ బేలో ప్లేఆఫ్ ఆట. నాలుగో డౌన్, అంటే పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, ఇంకా రెండు గజాలు కావాలి. టోనీ రోమో వేసిన బంతిని బ్రయంట్ గాలిలోకి లేచి అందుకున్నాడు, అడుగులు వేస్తూ గోల్ గీత వైపు చాచాడు, పడేటప్పుడు బంతి నేలకు తగిలి కదిలింది. మైదానంలో క్యాచ్ అన్నారు. ప్యాకర్స్ కోచ్ మైక్ మెకార్తీ చాలెంజ్ చేశాడు. రిఫరీ జీన్ స్టెరటోర్ దాన్ని క్యాచ్ కాదని మార్చాడు. గ్రీన్ బే 26-21తో గెలిచింది.

అప్పటి నియమం ఏమిటంటే, క్యాచ్ పట్టే క్రమంలో నేల మీద పడుతున్న ఆటగాడు నేలకు తగిలాక కూడా బంతి మీద పట్టు నిలుపుకోవాలి. ఆ నియమం ప్రకారం చూస్తే స్టెరటోర్ నిర్ణయాన్ని తప్పు పట్టలేను. నేను ఆ చోట ఉన్నా అదే చెప్పాల్సి వచ్చేది. కానీ ఆ వాక్యాన్ని రాసింది మామూలు వేగంతో చూసే మనిషి కన్ను కోసం. బంతి నేల మీద పడి దొర్లిపోతే క్యాచ్ కాదు అన్నంత వరకు అది పనికొచ్చింది. హై డెఫినిషన్ కెమెరా వచ్చి ఒక్కో ఫ్రేమ్ ఆపి చూపించేసరికి, బంతి అంగుళం కదిలినా 'పట్టు పోయింది' అనక తప్పలేదు. 2010లో షికాగోలో కాల్విన్ జాన్సన్‌కి ఇలాగే జరిగింది. 2017 డిసెంబర్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు జెస్సీ జేమ్స్ గెలుపు టచ్‌డౌన్ అనుకున్నది పేట్రియట్స్ మీద ఇలాగే పోయింది. మైదానంలో టచ్‌డౌన్ ఇచ్చారు, రీప్లేలో తీసేశారు. పిట్స్‌బర్గ్ 27-24తో ఓడింది.

2018 మార్చిలో జట్ల యజమానులు 32-0 ఓటుతో క్యాచ్ నియమం మార్చారు. బంతి మీద పట్టు, రెండు కాళ్లు లేదా శరీరంలో మరో భాగం లోపల ఆనడం, ఆపైన మూడో అడుగు వేయడమో బంతిని చాచడమో లాంటి ఒక ఆట కదలిక. ఈ మూడూ ఉంటే చాలు, తర్వాత నేల మీద ఏం జరిగినా పర్వాలేదు. ఈ నియమం ప్రకారమైతే బ్రయంట్‌ది క్యాచే. అంటే ఆ సమస్య తీరింది రీప్లే పెంచడం వల్లా కాదు, తగ్గించడం వల్లా కాదు. కెమెరా చూడగలిగే విషయాలతో నియమాన్ని తిరిగి రాయడం వల్ల తీరింది. మీ మొదటి ప్రశ్నకు నేను చెప్పదలచుకున్నది అంతా ఈ కథలోనే ఉంది.

మీ బాధను తక్కువ చేయడానికి కాదు గానీ, దానికి సరిగ్గా వారం ముందు, 2015 జనవరి 4న కౌబాయ్స్‌కి దక్కినది కూడా గుర్తుంచుకోవాలి. డెట్రాయిట్ 20-17తో ముందంజలో ఉండగా కౌబాయ్స్ డిఫెండర్ ఆంథనీ హిచెన్స్ మీద పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండా పడింది. రిఫరీ మైకులో ప్రకటించాడు కూడా. తర్వాత అఫీషియల్స్ మాట్లాడుకుని జెండా ఎత్తేశారు. కౌబాయ్స్ 24-20తో గెలిచింది. అందులో రీప్లే ప్రసక్తే లేదు. మైదానంలో ఒకరి కోణం నుంచి కనిపించింది మరొకరి కోణం నుంచి కనిపించలేదు. జెండా ఎత్తేయడం మా పనిలో తప్పేమీ కాదు, నేనూ చేసేదే. ప్రకటించిన తర్వాత ఎత్తేసి, ఎందుకో చెప్పకపోవడం మాత్రం తప్పు. ఆ మౌనం వల్లే డెట్రాయిట్ వాళ్లకు ఇప్పటికీ ఆ ఆట గుర్తుంది.

ఇప్పుడు 2019. అసలు ఆట 2019 జనవరి 20న న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. ఎన్‌ఎఫ్‌సీ చాంపియన్‌షిప్ (గెలిస్తే ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి వెళ్లే ఆట), 20-20 సమం, రెండు నిమిషాలు కూడా లేవు. మూడో డౌన్, సెయింట్స్ చేతిలో బంతి. డ్రూ బ్రీస్ కుడి అంచున ఉన్న టామీలీ లూయిస్‌కి వేశాడు. లాస్ ఏంజెలెస్ రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్మన్ బంతి రాకముందే వచ్చి అతన్ని గుద్దేశాడు. జెండా పడలేదు. పడి ఉంటే సెయింట్స్ గడియారాన్ని దాదాపు ఖాళీ చేసి, దగ్గర నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల మధ్యకు పంపడం) కొట్టి గెలిచేవాళ్లు. పడకపోయేసరికి ఫీల్డ్ గోల్ ముందే కొట్టాల్సి వచ్చింది, రామ్స్‌కి సమం చేసే టైమ్ దొరికింది. ఓవర్‌టైమ్‌లో గ్రెగ్ జుర్లైన్ 57 గజాల ఫీల్డ్ గోల్‌తో రామ్స్ 26-23తో సూపర్ బౌల్‌కి వెళ్లింది. లీగ్ తప్పు ఒప్పుకుందని సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ ఆ రాత్రే చెప్పాడు. హెల్మెట్‌తో గుద్దినందుకు రోబీ-కోల్మన్‌కి తర్వాత 26,739 డాలర్ల జరిమానా పడింది.

ఇంత స్పష్టమైన తప్పు చూశాక ఎవరికైనా రీప్లే కావాలనిపిస్తుంది. మార్చిలో యజమానులు 31-1తో ఓటేశారు, సిన్సినాటి ఒక్కటే వద్దంది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండా పడినా, పడకపోయినా రివ్యూ చేయవచ్చని ఒక ఏడాదికి నియమం వచ్చింది. కెనడా లీగ్ అప్పటికే 2014 నుంచి అలాంటిది నడుపుతోంది.

సీజన్ మొదలయ్యాక ఏమైంది? కోచ్‌లు చాలెంజ్‌లు వేస్తున్నారు, న్యూయార్క్ మార్చడం లేదు. నియమంలో ఉన్న మాట, తాకిడి రిసీవర్‌ను 'గణనీయంగా అడ్డుకుందని' స్పష్టంగా కనిపించాలి అని. గణనీయం అంటే ఎంత? నవంబర్ 17న బాల్టిమోర్‌లో హ్యూస్టన్ రిసీవర్ డిఆండ్రె హాప్కిన్స్‌ని ఎండ్ జోన్ దగ్గర బంతి రాకముందే మార్లన్ హంఫ్రీ పట్టేసినట్టు టీవీలో చూసినవాళ్లందరికీ కనిపించింది. కోచ్ చాలెంజ్ చేశాడు. మార్చలేదు. అంతకంటే చిన్న తాకిడికి వేరే ఆటలో మార్చారే అని జనం. ఏ వారం ఏది మారుతుందో, ఏది మారదో కోచ్‌లకే అర్థం కాలేదు. చాలామంది చాలెంజ్ చేయడమే మానుకున్నారు.

2020 జనవరి 5న మళ్లీ న్యూ ఆర్లియన్స్‌లోనే ప్లేఆఫ్ ఆట. ఓవర్‌టైమ్‌లో మిన్నెసోటా ఆటగాడు కైల్ రుడాల్ఫ్ తన ముందున్న డిఫెండర్‌ను చేతితో నెట్టి జాగా చేసుకుని టచ్‌డౌన్ పట్టాడు. సెయింట్స్ 26-20తో ఓడిపోయారు. ఆ తోపును న్యూయార్క్‌లో చూశారు, మార్చేంత లేదన్నారు. ఏ జట్టు కోసం నియమం పుట్టిందో, ఆ జట్టుకే, ఆ ఊళ్లోనే, ఆ నియమం ఏమీ చేయలేకపోయింది. ఆ తర్వాత దాన్ని పొడిగించాలని పట్టుబట్టినవాళ్లు లేరు. 2020 సీజన్‌కి అది లేదు.

లూయిస్ మీద జరిగినది చూసిన ప్రతి ఒక్కరికీ తప్పని తెలుస్తుంది. కానీ దాన్ని పట్టుకోవడానికి రాసిన నియమం, అలాంటి ఒక్క ఆటకే వర్తించదు. సీజన్‌లో వేల పాస్‌లు ఉంటాయి. ప్రతి లోతైన పాస్‌లో ఇద్దరి చేతులూ ఒకరి మీద ఒకరివి ఉంటాయి. రిసీవర్ నెడతాడు, డిఫెండర్ భుజం పెడతాడు. వెనక వరసలో నిలబడినప్పుడు నేను చూసేది తాకిడి ఉందా లేదా అని కాదు. తాకిడి ఎప్పుడూ ఉంటుంది. దాని వల్ల ఒకరి పరుగు తెగిందా, చెయ్యి లేవకుండా ఆగిందా, మలుపు తిరగలేకపోయాడా అని చూస్తాను. ఇద్దరి వేగం, బరువు, బంతి వస్తున్న కోణం అన్నీ కలిపి చూడాలి. దాన్ని నిదానంగా తిప్పి చూస్తే ఆ వేగమే పోతుంది. మామూలు వేగంలో చిన్నగా తగిలినది, నెమ్మదిగా చూస్తే గట్టిగా పట్టి లాగినట్టు కనిపిస్తుంది. 2016లో అమెరికాలో పరిశోధకులు ఇదే పరీక్షించారు. నిదానంగా చూపించిన దృశ్యంలో ఆ పని కావాలని చేసినట్టు చూసేవాళ్లకు ఎక్కువగా అనిపించింది. వాళ్లు వాడిన దృశ్యాల్లో ఫుట్‌బాల్ ట్యాకిల్ కూడా ఉంది.

హోల్డింగ్ (ఎదుటి ఆటగాణ్ని పట్టి ఆపడం) అయితే ఇంకా కష్టం. లైన్‌లో ఐదుగురు లావాటి మనుషులు ఎదురు మనుషుల్ని చేతులతో ఆపే పనిలోనే ఉంటారు. కెమెరా పెట్టి వెతికితే దాదాపు ప్రతి ఆటలో ఎక్కడో ఒకచోట హోల్డింగ్ దొరుకుతుంది. బంతి అటు వైపు వెళ్తోందా, ఆ పట్టు వల్ల డిఫెండర్ బంతిని అందుకోలేకపోయాడా అన్నది చూసి జెండా వేస్తాం. మైదానం అవతలి వైపు జరిగిన పట్టును వదిలేస్తాం. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి, మాకు నేర్పేదే అది. హోల్డింగ్‌ని చాలెంజ్‌లోకి తెస్తే, ప్రతి టచ్‌డౌన్ తర్వాత ఓడిపోతున్న కోచ్ ఎర్ర జెండా విసురుతాడు, ఏదో ఒక చోట ఒక చొక్కా లాగినది దొరుకుతుంది, టచ్‌డౌన్ పోతుంది. అలాంటి ఆటను మీరూ నేనూ చూడలేం.

జెండా సరిగ్గా పడినా వివాదం తప్పదనడానికి 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్ చాలు. 35-35, ఇంకా రెండు నిమిషాలు లేవు, ఫిలడెల్ఫియా డిఫెండర్ జేమ్స్ బ్రాడ్‌బెరీ మీద హోల్డింగ్. కాన్సస్ సిటీ దాంతో గడియారాన్ని దాదాపు ఖాళీ చేసి 38-35తో గెలిచింది. ఆట మొత్తం అలాంటివి వదిలేసి చివర్లో వేస్తారా అని తిట్టారు. ఆట అయ్యాక బ్రాడ్‌బెరీ తనే చెప్పాడు, చొక్కా లాగాను, వదిలేస్తారనుకున్నాను అని. నా దృష్టిలో ఆ జెండా సరైనదే. మొదటి క్వార్టర్‌లో వేయాల్సిన జెండాను చివరి క్వార్టర్‌లో కూడా వేయాలి.

మీ రెండో ప్రశ్న, 40 గజాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెన్స్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చేస్తే, అది ఎక్కడ జరిగితే అక్కడే బంతి పెడతారు, మొదటి డౌన్ ఇస్తారు. ఎండ్ జోన్‌లో జరిగితే గోల్ గీతకు ఒక గజం దూరంలో పెడతారు. కాలేజీలో గరిష్ఠం 15 గజాలు. టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ నియమాలతోనే ఆడతాయి కాబట్టి నాకు అలవాటైనది ఈ 15 గజాలే. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతినే ఉంచాలంటాను. కారణం, 15 గజాలే అయితే వెనకబడిపోయిన డిఫెండర్‌కి లాభం ఎటో తెలుసు. రిసీవర్ దాటిపోయి 50 గజాల టచ్‌డౌన్ ఖాయమైపోతే, వెనక నుంచి పట్టుకుని పడేయడమే మేలు. మా ఆటల్లో కోచ్‌లు పక్క నుంచి అరిచి మరీ ఆ పని చేయించడం విన్నాను. ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయి డిఫెండర్లు ఆ లెక్క ఇంకా బాగా వేస్తారు.

అయితే మీ వైపు కూడా బలమైన వాదన ఒకటి ఉంది. క్వార్టర్‌బ్యాక్ లోతుగా, కానీ కాస్త తక్కువ దూరం వేస్తాడు. రిసీవర్ ఒక్కసారిగా ఆగి వెనక్కి వస్తాడు. బంతిని చూడకుండా వెంట పరుగెత్తుతున్న డిఫెండర్ వచ్చి అతనికి తగులుతాడు. జెండా, 35 గజాలు. చెడ్డ పాస్‌కి దక్కిన బహుమానం అది. దీనికి రెండు మెట్ల శిక్ష పెట్టమని చాలామంది అంటారు, చిన్న తప్పుకి చిన్నది, పెద్ద తప్పుకి పెద్దది. అది వినడానికి బాగుంటుంది. కానీ ఫేస్‌మాస్క్ (హెల్మెట్ ముందుండే కడ్డీలు) పట్టుకోవడానికి ఒకప్పుడు అలాగే 5 గజాలు, 15 గజాలు అని రెండు ఉండేవి. 2008లో 5 గజాలది తీసేశారు. కిక్కర్‌కి తగలడంలో మాత్రం రెండు మెట్లూ ఇప్పటికీ ఉన్నాయి, 5 గజాలది ఒకటి, 15 గజాలది ఒకటి. అక్కడ నేల మీద ఆనిన కాలికి తగిలాడా అన్నది కంటికి కనిపిస్తుంది కాబట్టి ఆ తేడా నిలబడింది.

కాబట్టి నేనైతే ఇలా రాస్తాను. డిఫెండర్ చేతితో రిసీవర్‌ను పట్టినా, చెయ్యి లాగినా, మెలితిప్పినా తప్పు జరిగిన చోటే బంతి. చేతితో పట్టకుండా ఒంటితో వచ్చి తగిలితే, బంతికి ముందే వచ్చి పడేస్తే తప్ప, 15 గజాలు. పట్టు ఉందా లేదా అన్నది మైదానంలో కనిపిస్తుంది, అవసరమైతే కెమెరాలోనూ కనిపిస్తుంది. తక్కువ దూరం పాస్ వేసి గజాలు కొట్టేయడం దీంతో చాలా వరకు ఆగుతుంది. లూయిస్ మీద జరిగినదానికి మాత్రం పూర్తి శిక్షే పడుతుంది.

ఇక రీప్లేలోకి ఏ పెనాల్టీలను తేవాలన్నది. ఎన్‌ఎఫ్‌ఎల్ 2021 నుంచి 'రీప్లే అసిస్ట్' అని ఒకటి పెంచుకుంటూ వస్తోంది. చాలెంజ్ లేకుండానే, ఆట ఆపకుండానే, బూత్ నుంచి రిఫరీ చెవిలో ఒక మాట చెప్పడం. నేను దీనికి పూర్తిగా అనుకూలం. 2025 నుంచి ఫేస్‌మాస్క్, మెడ వెనక కాలర్ పట్టి పడేయడం, కాలు అడ్డం పెట్టడం, రక్షణ లేని ఆటగాణ్ని గుద్దడం లాంటి జెండాలు పొరపాటున పడితే బూత్ వాళ్లు ఎత్తేయించవచ్చు. కానీ పడని జెండాను వాళ్లు వేయించలేరు. నాకు అభ్యంతరం ఇక్కడే.

2024 అక్టోబర్ 24, గురువారం రాత్రి, లాస్ ఏంజెలెస్. మిన్నెసోటా 28-20తో వెనకబడి ఉంది, రెండు నిమిషాలు కూడా లేవు, బంతి తమ గోల్ గీత దగ్గరే ఉంది. రామ్స్ ఆటగాడు బైరన్ యంగ్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్ ఫేస్‌మాస్క్ పట్టి ఎండ్ జోన్‌లో పడేశాడు. తల తిరిగిపోయింది. రిఫరీకి అడ్డంగా మనుషులు ఉన్నారు, డార్నాల్డ్ ముఖం అటు తిరిగి ఉంది, జెండా పడలేదు. సేఫ్టీ (తమ ఎండ్ జోన్‌లోనే పడేస్తే ఎదుటి జట్టుకు వచ్చే రెండు పాయింట్లు), 30-20, ఆట ముగిసింది. ఇందులో 'ఎంత' అన్న ప్రశ్నే లేదు. వేళ్లు కడ్డీల్లో ఉన్నాయి, తల మెలిపడింది. ఒక్క ఫ్రేమ్ చాలు. పైగా ఇది మెడకు ప్రమాదం, గజాల లెక్క మాత్రమే కాదు. కొత్త నియమం ఆ రోజు ఉన్నా డార్నాల్డ్‌కి పనికొచ్చేది కాదు, ఎందుకంటే అది జెండా తీసేయగలదే తప్ప వేయలేదు.

ఒకసారి జెండా వేయనిస్తే రేపు హోల్డింగ్ కూడా అడుగుతారని యజమానుల భయం. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు, 2019 చూశాక మరీ. అందుకే జాబితా చిన్నదిగా, రాతపూర్వకంగా ఉండాలి. ఫేస్‌మాస్క్, కాలర్, తలకు హెల్మెట్‌తో గుద్దడం. ఈ మూడింటిలో పట్టు ఎక్కడుంది, దెబ్బ ఎక్కడ తగిలింది అన్నదే ప్రశ్న. బూత్ వాళ్లకు తర్వాతి స్నాప్ వరకే గడువు. ఆలోగా కనిపిస్తే జెండా, లేకపోతే లేదు. క్వార్టర్‌బ్యాక్ మీద బరువు వేసి పడటం లాంటివి ఇందులో చేర్చకూడదు. 2022 అక్టోబర్‌లో టామ్ బ్రేడీని గ్రేడీ జారెట్ పడేసినప్పుడు, మరుసటి రాత్రి డెరెక్ కార్‌ని క్రిస్ జోన్స్ పడేసినప్పుడు పడిన రఫింగ్ (క్వార్టర్‌బ్యాక్‌ను అతిగా గుద్దడం) జెండాలు రెండూ నాకు తప్పనిపించాయి. అయినా ఎంత బరువు పడింది, తప్పించుకునే వీలుందా అన్నది తేల్చాల్సింది మైదానంలోని మనిషే. అలాంటివాటికి విరుగుడు రఫింగ్ నియమంలోని మాటల్ని తగ్గించడం.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నియమం మారాలంటే 32 మంది యజమానుల్లో 24 మంది ఒప్పుకోవాలి, ఆ ఓటు మామూలుగా మార్చిలో వస్తుంది. ఈసారి ప్రతిపాదనల జాబితా బయటకు వచ్చినప్పుడు, ఫేస్‌మాస్క్ జెండాను బూత్ నుంచి వేయించే మాట అందులో ఉందేమో చూడండి. ఉంటే ఏ జట్లు అడ్డుపడ్డాయో కూడా చూడండి. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని మళ్లీ చాలెంజ్‌లోకి తెస్తామని ఎవరైనా అంటే మాత్రం, 2019 సీజన్‌లోని హాప్కిన్స్ ఆటనూ రుడాల్ఫ్ ఆటనూ పక్కపక్కన పెట్టి, 'గణనీయంగా' అన్న మాటకు కొలత ఏం పెడతారని వాళ్లను అడగాలి.